ఉందో లేదో అడిగే మనిషి

పరీక్ష మూడోసారి నడిపినా తెర మీద అవే ఏడు గళ్లు ఎర్రబడ్డాయి. ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసి కణతలు నొక్కుకుంది.

కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ అది. విడుదలకు ముందు దాన్ని పాతా కొత్తా మిషన్లన్నిటి మీదా నడిపి చూడడం పదకొండేళ్లుగా ఆవిడ పని. కొత్త ప్రాసెసర్లలో ఉన్న ఒక సదుపాయం పాతవాటిలో లేదు. సాఫ్ట్‌వేర్ ఆ సంగతి కనుక్కోకుండానే తగుదునమ్మా అని దాన్ని వాడబోయి చతికిలబడుతోంది. ముందు ఉందో లేదో అడిగి, లేకపోతే ఊరుకునేలా ఆవిడ రెండు లైన్ల మార్పు రాసిచ్చింది. నాలుగు నెలలైంది. తెరిచి చూసిన నాథుడు లేడు.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసింది.

"గ్యాస్ ఉందో లేదో చూసి పాలు పెట్టండి."

"పెళ్లికి ముందు నాకు గురకుందా అని మా అమ్మనే అడిగినదానివి!" అన్నాడు భర్త.

"ఆవిడ లేదంది మరి!"

ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే.

మూడింటికి మేనేజరు వచ్చాడు. ఆవిడకన్నా పదిహేనేళ్లు చిన్న.

"అక్కా, ఆ పాత మిషన్లు ఏడూ తీసేస్తున్నాం. ఇంక ఎర్రగళ్ల బెడద ఉండదు."

"మన దగ్గర ఉండదు బాబూ. వాడేవాళ్ల దగ్గర ఇవేగా ఉన్నాయి? అక్కడ ఆగిపోతే?"

"ఆగినప్పుడు చూద్దాంలే."

"ఆగకుండా చూడ్డానికేగా నన్ను పెట్టుకుంది!"

అతను చేతిలోని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు. "అదే... పాతవి లేకపోతే ఈ సీటూ అక్కర్లేదంటున్నారు పైవాళ్లు. ఈ రోజే ఆఖరు. నేను చెప్పి చూశానక్కా."

నిజంగా చెప్పావా అని ఆవిడ అడగలేదు.

పాత మిషన్లు తీసుకుపోవడానికి తోపుడుబండితో ఇద్దరు వచ్చారు. వాళ్లని ఆగమని, ఏడింటినీ ఆవిడే ఒక్కొక్కటిగా ఆపింది. తీగలు చుట్టి పెట్టింది. మిగిలినవాటి మీద పరీక్ష నడిపితే గళ్లన్నీ పచ్చగా వచ్చాయి. పక్కగదిలో చప్పట్లు కొట్టారు. ఆ రెండు లైన్లనూ మళ్లీ ఒకసారి పంపి, గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి, ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది.

మిషన్ల గది చలికి తొడుక్కునే ఊదారంగు స్వెటర్ కుర్చీకే వేలాడుతూ ఉండిపోయింది, మోచేతుల దగ్గర సాగి, చేతులింకా లోపలే ఉన్నట్టు.