నాలుగు వరుసల్లో అక్కయ్య

మా పరిశోధనశాలలో గ్రహశకలాల దారులు లెక్కగట్టే ఆవిడ, మేమంతా అక్కయ్యా అని పిలిచే ఆవిడ పేరు ఒక శకలానికి పెడుతున్నారని ఉత్తరం వచ్చింది. అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షల రాళ్లు తిరుగుతుంటాయి కదా, వాటిలో ఒకటి. దాన్ని కనిపెట్టిన పరదేశపు శాస్త్రవేత్త మమ్మల్ని అడిగింది ఒకటే: ఆమె గురించి నాలుగు వరుసల పరిచయం, డైరెక్టరు గారి సంతకంతో. అయిదో వరుస ఉంటే అచ్చు వేయరట.

నేను టైపిస్టును. ఆ నాలుగు వరుసలూ నా చేతిమీదుగానే పోవాలి.

అక్కయ్య అత్తగారు ఫోన్ చేసి, "ఎన్ని ఎకరాలుంటుందమ్మా? కాగితాల్లో మా వాడి పేరు కూడా వేయించావా?" అని ఆరా తీశారట. అది చెప్పి నవ్వించిన అక్కయ్య, అంతలోనే గొంతు తగ్గించింది.

"రాయి సంగతి సరేగానీ, తప్పిపోయిన శకలాల దారి మళ్లీ పట్టుకునే పద్ధతి నాదేనని ఒక్క ముక్క పడేలా చూస్తావా? పదిహేనేళ్లుగా అది ఆయన పేరునే చెలామణి అవుతోంది."

ఆయనంటే డైరెక్టరు గారు. నాకు ఒళ్లు మండిపోయింది.

డైరెక్టరు గారు పరిచయం తామే చెప్పి రాయించారు. మొదటి వరుసలో ఆయన మార్గదర్శకత్వం, రెండో దాంట్లో ఆయన దూరదృష్టి, మూడో దాంట్లో డిప్యూటీ గారి సహకారం. నాలుగో వరుస మా కొత్త భవనానికి పోయింది.

"సార్, మరి ఆవిడ చేసిన పని..." అని నసిగాను.

"పేరు పెడుతున్నారుగా! ఇంకేం కావాలట?"

తాను చెప్పి రాయించింది మళ్లీ చదవడం మా డైరెక్టరు గారికి నామోషీ. ఫోనులో మాట్లాడుతూనే సంతకాలు బరికేస్తారు. నేను వేరే నాలుగు వరుసలు టైపు చేసి, సెలవు ఫారాల మధ్య పెట్టి, ఎదురుగా నిలబడ్డాను. బరికేశారు.

రెండు నెలలకు అచ్చు ప్రతి వచ్చింది. కవరు అక్కయ్య సన్మాన సభలోనే విప్పాలని డైరెక్టరు గారు పట్టుబట్టారు. కళ్లజోడు సవరించుకుని, మైకు ముందు తన మాటలు తానే వినబోతున్న ధీమాతో అందుకున్నారు.

"తప్పిపోయిన శకలాల దారి పట్టుకునే పద్ధతిని ఈమె ఒక్కరే కనిపెట్టారు. అది ఇంతకాలం మరొకరి పేరుతో..."

అక్కడ ఆగి, గ్లాసెడు నీళ్లు తాగి, నావైపు చూశారు. ఉద్యోగం ఊడితే ఊడిందని చప్పట్లు కొట్టాను. హాలంతా అందుకుంది.

గోల సద్దుమణిగాక అక్కయ్య లేచి నిలబడింది.

"సరిగ్గా వినపడలేదు సార్. మొదటి నుంచీ ఇంకోసారి చదువుతారా?"

ఆయన చదివారు. చివరి మాట దాకా అక్కయ్య కూర్చోలేదు.