మెటికలు

పొద్దున్న ఆరింటికి గున్నమ్మ పిల్లల వార్డు ఊడుస్తుంది. ముందు బిస్కట్ పొడి, తరవాత దూది ముక్కలు, ఆఖరున పొలుసులు. రాజాంలోని ఆ పన్నెండు మంచాల ఆస్పత్రిలో చలికాలం పిల్లలకి విరేచనాలు మొదలైతే చేప పొలుసులు రాలడం మామూలే. వాటికోసం విడిగా ఒక చేట కూడా ఉంది.

ఆయా కాకముందు గున్నమ్మ ఇరవయ్యేళ్లు చేపల బుట్ట మోసింది. అందుకని నర్సు గౌరి ఆవిణ్ణే ఆటపట్టించేది.

"నీ కోకలోంచే రాల్తన్నాయి పిన్నీ!"

"కవళ్లవో పండుగప్పవో నానెరగనేటి? ఇవి ఏ సేపవీ కావు."

చేపల విషయంలో గున్నమ్మతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

2014 జనవరిలో మాత్రం చేట పొలుసులతో నిండిపోయింది. ఏడో మంచం పిల్లకి తగ్గేలోపు ఎనిమిదికి, ఆ తరవాత తొమ్మిదికి, పదికి విరేచనాలు పట్టుకున్నాయి. చెయ్యి విరిగి వచ్చినవాణ్ణీ వదల్లేదు. ఇంట్లో లేని జబ్బు ఆస్పత్రికొచ్చి తెచ్చుకోవడమేమిటని తల్లులు మొత్తుకున్నారు. డాక్టర్ అనూరాధ "ఇది రోటా వైరస్, చేతుల మీదే తిరుగుతుంది" అని గోడకి కాగితం అంటించింది. చదివినవాళ్లు చదివారు.

పదకొండో మంచంలో శ్రావణి కూతురు. నెలలు నిండకుండా పుట్టి, నిమ్ము చేసి వచ్చింది.

"దీనికి విరేచనాలు అంటుకుంటే నిలబెట్టడం కష్టమమ్మా" అని డాక్టరమ్మ ఉన్నమాట చెప్పేసింది.

అది విన్న గున్నమ్మ మర్నాడు చీపురు మూల పెట్టేసింది. జబ్బనే దొంగ వచ్చిన దారిని తనే రోజూ ఊడ్చి పారేస్తోందని అప్పుడు తట్టింది. స్టూలు మీద కూర్చుని చూసింది. తొమ్మిదింటికల్లా పొలుసులు ఏడో మంచం నుంచి పదో మంచం దాకా వరస కట్టాయి. ప్రతి దిండు పక్కనా కొన్ని. ఆ వరస చివర కూర్మమ్మ నిలబడి ఉంది.

కూర్మమ్మ ఏడో మంచం పిల్లకి నాయనమ్మ. నిజానికి వార్డంతటికీ నాయనమ్మే. మనవరాలి గుడ్డలు మార్చి, కొంగుకి చేతులు తుడుచుకుని, పిల్లలందరి దగ్గరికీ వెళ్తుంది. రెండు చేతులతో బుగ్గలు నిమిరి, తన కణతలకి ఆనించి మెటికలు విరుస్తుంది. ఎన్ని పలికితే అంత దిష్టి పోయినట్టు. ఏ తల్లి వద్దంటుంది? గున్నమ్మకి కోపం రాలేదు, జాలేసింది.

కూర్మమ్మ పదకొండో మంచం మీదికి వంగింది.

"సంటిదానికి ఎంత దిట్టి తగిలిపోనాదో!"

పెద్దావిడని వద్దనలేక శ్రావణి పక్కకి జరిగింది.

"ఆగప్పా!" అని అరిచింది గున్నమ్మ. "సేతులు సూసుకో."

కూర్మమ్మ చేతులు గాలిలోనే ఆగాయి. చూపుడువేలి నుంచి ఒక పొలుసు జారి దుప్పటి అంచున పడింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఆ నాలుగు మంచాల దగ్గరా దిష్టి తీసింది తనే.

"ఓలమ్మో... నానేనా గున్నమ్మా?"

"పేమతోనే సేసినావులే. రా, సబ్బున్నాది."

కుళాయి దగ్గర గున్నమ్మే ఆవిడ చేతులు రుద్దింది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా. తొట్టిలో గుప్పెడు పొలుసులు తేలి జాలీలోకి జారిపోయాయి. గౌరి పదకొండో మంచం దుప్పటి మార్చింది. తల్లులంతా కుళాయి దగ్గర వరసలో నిలబడ్డారు. డాక్టరమ్మ కూడా.

పదకొండో మంచానికి విరేచనాలు రాలేదు. అయిదో రోజున శ్రావణి బిడ్డని ఎత్తుకుని ఇంటికి బయల్దేరింది. పొలుసుల చేట రెండు రోజులుగా ఖాళీ.

గుమ్మంలో కూర్మమ్మ ఎదురైంది. మనవరాలు కోలుకుని చంకలో ఉంది. ఆ పిల్లని పక్కనున్న గున్నమ్మకి అందించి, శ్రావణి బిడ్డకి బారెడు దూరంలో ఆగి, గాలిలోనే బుగ్గలు నిమిరి, చేతులు కణతలకి ఆనించుకుంది.

పది వేళ్లూ పలికాయి.