దీవిలో సమాధుల పండుగ

ఆ దీవికి బయల్దేరిన రోజు నా చేతిలో ఏమున్నాయో చెబుతాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో రంగులూ బ్రష్షులూ బకెట్లూ అమ్మే హార్డ్‌వేర్ షాపు. ఒక పాత కారు. సగం అన్నం దగ్గరే చెయ్యి కడిగేసుకునే భార్య. ఆ భార్య నాకిచ్చిన ఒక మాట. వీటిలో నేను విలువ కట్టుకున్నది ఆ మాటకే.

మా అబ్బాయి నతానియేలు, ఇంట్లో నాని, సముద్రంలోని చమురు బావులకు సరుకు చేరవేసే బార్జి మీద పనిచేసేవాడు. 2010 శీతాకాలంలో పెద్ద గాలి లేచి ఆ బార్జి మునిగిపోయింది. కొందరి శవాలు దొరికాయి. మావాడిది దొరకలేదు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, నా భుజం మీద చెయ్యి వేసి, "ఖలాస్, అంజిబాబూ. సబర్ కరో" అన్నాడు, అయిపోయింది, ఓర్చుకోమని. నేను ఆ రోజే ఖలాస్ అనుకున్నాను. మునిగిన సరుకు కోసం కొట్టు ముందు కూర్చుంటే ఉన్న సరుకు కూడా పాడవుతుందని నాకు తెలుసు. నా భార్య కృష్ణవేణి ఒప్పుకోలేదు.

"సమాధి లేకుండా పోయాడని ఎలా అంటారండీ?" అనేది.

మా నరసాపురంలో నవంబరు రెండున సమాధుల పండుగ చేస్తారు. ముందే పిచ్చిమొక్కలు పీకి, సమాధులకు సున్నం కొట్టి, సాయంత్రం బంతిపూలు పరిచి, తల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎవరి మనిషి దగ్గర వాళ్ళు కూర్చుని కాసేపు ఏడుస్తారు. తర్వాత ఇంటికి వెళ్ళి అన్నం తింటారు. కృష్ణవేణికి ఏడవడానికి చోటు లేదు, కాబట్టి అన్నం లేదు. ఊరి నుంచి వాళ్ళన్నయ్య ఆశీర్వాదం ఫోన్ చేసి, జ్ఞాపకార్థ కూడిక పెట్టించేద్దామమ్మా అంటే, బతికున్నవాడికి కూడికేంటని కేకలేసి ఫోన్ పెట్టేసింది. మూడేళ్ళలో ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారేంత చిక్కిపోయింది.

2013లో మా సంఘంవాళ్ళు పత్మాసు ద్వీపానికి యాత్ర పెట్టారు. యోహాను భక్తుడు ఉన్న గుహ దగ్గరుండి చూపిస్తారట, గైడు కూడా ఉంటాడట, వెళదాం, మనసు కాస్త తేలికపడుతుంది అన్నాను.

"అది ఏ సముద్రం?"

"గ్రీసు దేశపు సముద్రం."

"మన నాని అక్కడ పడ్డాడా ఏంటి? వాడు పడ్డ ఈ గల్ఫు నీళ్ళ మధ్య ఒక్క క్రైస్తవుడి సమాధి చూపించండి. సున్నం కొట్టి, కొవ్వొత్తి పెట్టి, మనవాడిదే అనుకుని ఏడుస్తాను. ఆ రోజుతో ఒప్పేసుకుంటాను. తర్వాత మీరెలాగంటే అలాగే."

ఈ సముద్రంలో అలాంటిది ఎక్కడా దొరకదని ఆవిడ ధైర్యం. కానీ నేను వెతికాను. అబుదాబికి పడమరగా, రువైస్ దాటాక, ఒక దీవిలో పాతకాలపు క్రైస్తవ సన్యాసుల మఠం తవ్వకాల్లో బయటపడిందనీ, గైడు వెంట ఉంటే చూడనిస్తారనీ తెలిసింది. అక్కడి హోటల్‌కు ఫోన్ చేసి, సమాధి ఉందా అని రెండుసార్లు అడిగాను. ఉందన్నారు. గది తీసుకున్నాను. పెట్టె విప్పకుండా సరుకు కొనని మనిషిని, లోపల ఏముందని మాత్రం అడగలేదు.

నవంబరు రెండున పడవ దిగేసరికి జీపు పక్కన గైడు నిలబడి ఉన్నాడు. మా మాటలు విని మొహం విప్పార్చుకున్నాడు.

"మనోళ్ళేనా! నా పేరు హయాత్ బాషా సార్, నెల్లూరు. మీదే ఊరు?"

"నరసాపురం."

"అబ్బో, గోదారోళ్ళు. ఇంక ప్రతి మాటకీ అండీ తగిలించాల నేను."

"తగిలించకపోయినా పర్లేదు గానీ, నెల్లూరు కారం తగిలించకు," అన్నాను. కృష్ణవేణి వినలేదు. ఒళ్ళో సంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అందులో బంతిపూలు, కొవ్వొత్తులు, టిఫిన్ డబ్బాలో నానబెట్టిన సున్నం, మా షాపులోని మూడంగుళాల బ్రష్షు ఉన్నాయి.

దారిలో జింకలు, జిరాఫీలు కనిపించాయి. బాషా జీపు ఆపి చూపించబోయాడు.

"ఈ ఎడారిలో అదేం తింటుందయ్యా?" అన్నాను, మాటవరసకు.

"నాకంటే బాగా తింటాది సార్. దానికి డైటీషియన్ కూడా ఉండాడు."

"బాబూ, గుడి దగ్గరికి పోనీ" అంది కృష్ణవేణి. అతను మళ్ళీ జోకు వెయ్యలేదు.

గుడి అంటే గోపురమూ గంటా ఏమీ లేవు. ఇసుకలో మోకాలెత్తు గోడలు, వాటి చుట్టూ తాడు. పదమూడు వందల ఏళ్ళ కిందట సన్యాసులు ఇక్కడ ఉండేవాళ్ళనీ, ఇవి వాళ్ళు ఒంటరిగా ప్రార్థన చేసుకునే గదులనీ, ముత్యాల పడవలు ఈ దారినే పోయేవనీ బాషా ఒక్కొక్కటీ చూపించాడు. గోడ మీద పాత గార కొన్నిచోట్ల ఇంకా పట్టుకుని ఉంది. నేను అమ్మే పుట్టీ ఈ ఎండకు రెండు వేసవులు ఆగదు. చేతులు కట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"సమాధి ఏది బాబూ?" అంది కృష్ణవేణి.

అతను మమ్మల్ని ఒక గోడ మలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేలలో రాళ్ళు పేర్చిన పొడవాటి గుంట. ఎవరో పెద్ద సన్యాసిని ఇక్కడ పూడ్చి ఉంటారని అంటున్నారు అన్నాడు. కృష్ణవేణి చెప్పులు విడిచింది. తాడు కిందినుంచి దూరి, గుంట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని డబ్బా మూత తీసింది. సున్నంలో బ్రష్షు ముంచింది.

"అమ్మా! అమ్మా! సున్నం పుయ్యమాకండి!" బాషా పరిగెత్తాడు. "పురాతన కట్టడమమ్మా. చెయ్యి కూడా పెట్టకూడదు. నా ఉద్యోగం పోతాది."

బేరం నా పని కాబట్టి ముందుకు వెళ్ళాను. "ఒక్క రాయికి, బాబూ. మూలన ఉన్న ఆ ఒక్కదానికి."

"ఒక్క చుక్క కూడా కుదరదు సార్."

"కొవ్వొత్తి?"

"నిప్పు అసలు కూడదు."

"పూలు?"

అతను అటూ ఇటూ చూశాడు. "పూలు పెట్టుకోండి. మనం పోయేటప్పుడు నేనే తీసేస్తాను. ఏమనుకోమాకండి."

ఆమె బ్రష్షు డబ్బా అంచుకు తుడిచి మూత పెట్టింది. కాదనలేదు. సున్నం లేకపోయినా, వెలుగు లేకపోయినా పూలతో ఒప్పుకుంటోందని నాకు అర్థమైంది. ఆ ఒక్క నిమిషం నేను గెలిచానని అనుకున్నాను. ఆమె బంతిపూలు దోసిట్లోకి తీసుకుని తలెత్తింది.

"తల ఎటుపక్క ఉంటుంది బాబూ?"

బాషా నా వైపు చూశాడు. నేను ఆమె వెనకనుంచి, పడమర వైపు అని గడ్డంతో చూపించాను. అతను చూశాడు. చూసి కళ్ళు దించుకున్నాడు.

"లోపల ఎవరూ లేరమ్మా. తవ్వినోళ్ళు ఎముకలు పరీక్షకు తీసుకుపోయినారు. మళ్ళీ తేలేదు."

"అయితే ఇది ఖాళీయేనా?"

"ఖాళీయేనమ్మా."

కుప్పకూలిపోతుందని పట్టుకోబోయాను. ఆమె పూలు తిరిగి సంచీలో వేసుకుని లేచింది. మోకాళ్ళ ఇసుక దులుపుకుంది. అప్పుడు చూశాను మొహం. ఈస్టరు తెల్లవారుజామున గుడిలో ఉండే మొహం అది. ప్రభువు తిరిగి లేచిన రోజున స్త్రీలు పరిమళ ద్రవ్యాలు పట్టుకుని వెళ్ళి ఖాళీ సమాధి చూసి పరుగెత్తిన సంగతి మా ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"చూశారా?" అంది. "పోయినవాడి కోసం వస్తే దేవుడు నాకు ఖాళీ చూపించాడు. వాడు లేడండీ ఇక్కడ. బతికే ఉన్నాడు."

"పిచ్చిదానా, ఎవరో ఎముకలు ఎత్తుకుపోయారే!"

"ఎవరో ఎత్తుకుపోయారని ఆనాడు కాపలావాళ్ళు కూడా అన్నారు."

ఆమె బాషా తల మీద చెయ్యి పెట్టి, "నీ నోటితో చెప్పించాడు నాయనా, చల్లగా ఉండు" అంది. జీపులో అతన్ని జిరాఫీల దగ్గర ఆపించి, వాటిని చూసి నవ్వింది. హోటల్లో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింది.

ఆమె తింటుండగా నేను బయటికి వచ్చి బాషాని పట్టుకున్నాను. "ఒక్క అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా? పడమర అంటే సరిపోయేది."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సమాధి ముందర నిలబడి అబద్ధమా సార్? మా నాయన మయ్యిత్తు గోరీ దాకా నేనే మోసినా. ఆడ నా నోరు తిరగలేదు." కళ్ళు తుడుచుకుని, "మంచే జరిగింది గదా సార్. అమ్మ నవ్వింది," అన్నాడు.

ఇది జరిగి ఆరేళ్ళవుతోంది. కృష్ణవేణి ఒళ్ళు చేసింది. రోజూ షాపుకు వచ్చి గల్లా దగ్గర కూర్చుంటుంది. పడవలకు రంగు కొనడానికి ఏ మలబారీ వచ్చినా, బెంగాలీ వచ్చినా, నాని ఫొటో చూపించి అవతలి ఒడ్డున ఇరాన్ వైపు గానీ చూశారా అని హిందీలో అడుగుతుంది. పాపం, ఎవరూ లేదని గట్టిగా చెప్పరు. చూస్తామమ్మా అంటారు. క్రిస్మస్‌కు వాడికి చొక్కా కొనేటప్పుడు, ఈపాటికి లావెక్కి ఉంటాడు, ఒక సైజు పెద్దది తీసుకోండి అంటుంది. మొన్న ఆశీర్వాదం బావకు ఫోన్ చేసి, వాడు రాగానే ఆలస్యం చెయ్యకూడదు, పిల్లను చూసి ఉంచు అన్నయ్యా అంది. ఆయన నాకు విడిగా ఫోన్ చేసి ఏం చెయ్యమంటావు బావా అని అడిగాడు. చూస్తూ ఉండమన్నాను.

ఒకసారి కంచం ముందు నాకు దుఃఖం ఆగలేదు. "పోయినోడి కోసం ఏడ్చినట్టు ఆ ఏడుపేంటండీ, అపశకునం" అని కసిరింది. అప్పట్నుంచి ఇంట్లో ఏడవడం మానేశాను. గోడౌన్‌లో పెయింటు డబ్బాల వెనక కాస్త చోటుంది. అక్కడికి వెళతాను.

ఆ యాత్రలో నాకు ముట్టింది ఇదీ. కడుపునిండా తినే భార్య. రాత్రి నిద్రపోయే భార్య. షాపుకు తోడుగా ఇంకో మనిషి. నేను కోరుకున్నవన్నీ ఇవే, అన్నీ దక్కాయి. నాని చనిపోయాడన్న సంగతి మాత్రం పంచుకునేవాళ్ళు లేక, మొత్తం నా వాటాకే వచ్చింది.