ఊపిరాడని గోడ

కొండమీది రాతిగోడల దగ్గర కూతురికి పని దొరికిన రోజునుంచీ ఆ తల్లికి కంటిమీద కునుకు లేదు. ఎండ కాస్తే వడదెబ్బ అనుకునేది, మబ్బు పడితే పిడుగు అనుకునేది. రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బస్సు దిగి, ఆయాసపడుతూ కొండెక్కి, పిల్ల ఆఖరి ముద్ద మింగేదాకా చూసి గానీ దిగేది కాదు. పనివాళ్లు ఆమెకు ‘గాబరాపిన్ని’ అని పేరు పెట్టేశారు.

ఎన్నో తరాల కిందట కొండవాలు మట్టి జారిపోకుండా మెట్లుమెట్లుగా గోడలు పేర్చి, వాటిమీద పళ్లతోటలు వేసి నగరాన్ని పోషించారట. ఇప్పుడా నగరమే కొండ మొదట్లోకి పాకి వచ్చింది. మిగిలిన తోటల్ని రక్షిత ప్రాంతమన్నారు. ‘ఇక్కడ రాయి తీసినా నేరం, కొత్తది పెట్టినా నేరం’ అని గేటు దగ్గర బోర్డు. కూలిన చోట ప్రతి రాయికీ సుద్దతో అంకె వేసి, తిరిగి దాని చోట దాన్ని కూర్చోబెట్టడం కూతురి పని. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిమీద రాయి, అంతే.

ఆ ‘అంతే’ దగ్గరే తల్లి గుండె గుభేలుమనేది. పైగా ఒకరోజు, కూతురు రోజూ కూర్చుని తినే చోట, గోడ సందులోంచి కుబుసం వేలాడుతూ కనిపించింది.

“పాము కాదుగా అమ్మా, కుబుసమే!”

“కుబుసం దానంతటదే నడిచొచ్చిందా?”

ఇంట్లో స్నానాలగది బాగుచేయించగా మిగిలిన సిమెంటు ఉంది. మూడు సెలవురోజులు వరసగా క్యారేజీ గిన్నెల్లోనూ చేతిసంచిలోనూ దాన్ని కొండెక్కించింది. “ఇవాళ సెలవు కదా పిన్నీ?” అని కాపలాదారు అడిగితే, “పిల్ల సుద్దపెట్టె మర్చిపోయిందయ్యా” అంది. పది అడుగుల మేర చెయ్యి అందినంత ఎత్తు సందులన్నీ పూడ్చి, పైన బురద పూసింది. పెద్దమేస్త్రి కన్ను ఆ నెలంతా అవతల కూలిన మెట్టుమీదే ఉండటంతో ఎవరూ కనిపెట్టలేదు. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. నాలుగు రోజులు వదల్లేదు. అయిదోరోజు తెరిపి ఇస్తే ఆమె క్యారేజీతో ఎక్కింది. గోడలన్నీ సందుసందునా కారుతున్నాయి.

“ఇటు రా అమ్మా! కొండంతా తడే. మన చోటొక్కటే పొడిగా ఉంది,” అంది కూతురు, గోడకి ఆనుకుని గిన్నె మూత తీస్తూ.

తల్లికి లోలోపల గర్వం పొంగింది. అయినా అలవాటుకొద్దీ పెద్దమేస్త్రిని అడిగింది. “అవతలంతా అలా కారుతోందేంటన్నా? కూలదు కదా?”

అతను నవ్వాడు. “కారే గోడ కూలదు పిన్నీ. కారకపోతేనే భయం. నీళ్లు లోపలే ఉండిపోతే ఎంతటి గోడైనా కడుపుబ్బి పగులుతుంది. పాతకాలంవాళ్లు సందులు వదిలింది అందుకేగా!”

ఆమె అప్పుడు చూసింది. కూతురి తల వెనక గోడ ముందుకు ఉబ్బి ఉంది. పైనుంచి చిన్న రాయొకటి జారి గిన్నె పక్కన పడింది.

“లే! లేవవే!”

“మొదలైంది,” అంది కూతురు నోటినిండా ముద్దతో. “మొన్న తేలు, నిన్న పిడుగు, ఇవాళ గోడ!”

మేస్త్రి కూడా పకపకా నవ్వాడు. తల్లి ఉబ్బిన గోడకేసీ పిల్లకేసీ చూసింది. చెబితే పిల్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిల్లే పోతుంది.

“సందులు నేనే పూడ్చాను! సిమెంటు పెట్టి పూడ్చాను!”

నవ్వు ఆగిపోయింది. మేస్త్రి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఒక్క గంతులో వెళ్లి పిల్ల రెక్క పట్టి లాగాడు. ముగ్గురూ ఇరవై అడుగులు పరుగెత్తారు. వెనక గోడ మూలిగింది. ఆపైన రాళ్లూ బురదా నీళ్లూ కలిసి, ఆ పొడిచోటును క్యారేజీతో సహా మింగేశాయి.

కూతురు తల్లిని చూసింది. “నన్ను కాపాడటానికే చేశావా ఇదంతా?”

ఆమె కొంగుతో పిల్ల మొహంమీది బురద తుడిచింది.

అధికారి వచ్చినప్పుడు మాత్రం తనే ముందుకెళ్లింది. “పిల్లకేం తెలీదు బాబూ, పాపం నాది.” కూతుర్ని నెలరోజులు పనిలోంచి ఆపారు. తల్లి ఉలి పట్టుకుని, కూలిన ఒక్కో రాయికీ అంటిన సిమెంటు గీకింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

నెల తిరిగాక కూతురు అంకెల ప్రకారం గోడ మళ్లీ లేపి, సందులు సందుల్లాగే వదిలి, దానికే ఆనుకుని కొత్త క్యారేజీ విప్పింది.

కూతురి భుజం పక్క సందులో ఏదో మెల్లగా పాకింది. సందు పూడ్చబోయినట్టు తల్లి చెయ్యి దానంతటదే నేలమీది తడిమట్టి మీదికి పోయింది. గబుక్కున వెనక్కి లాక్కుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

“కాస్త ఇటు జరుగు తల్లీ,” అంది. “కొంచెం త్వరగా తిను.”