నేలమ్మ నడక

తడిగుడ్డ ఎడమ మూల నుంచి స్టేజి మధ్యకు వచ్చేసరికి నేలమ్మ మోకాళ్ల దగ్గర చీర తడిసి బరువెక్కింది. గుడ్డ కుడిచేతిలో ఉంది గాని అసలు పని చేస్తున్నది ఎడమచెయ్యి. గుడ్డ పోయిన దారినే ఆ అరచెయ్యి కూడా పోతోంది, వేళ్లు విడదీసుకుని, నిద్రపోతున్న పసిబిడ్డ వీపు నిమిరినంత మెల్లగా. ఎక్కడైనా ఇసుక రేణువు తగిలితే ఆగి, చూపుడువేలు తడిచేసి అద్ది తీసి, కొంగుకు రాసుకుని మళ్లీ కదులుతోంది.

నిచ్చెన మీద దీపాలు బిగిస్తున్న లైట్లాయన కిందికి చూశాడు.

"ఏం నేలమ్మా, పొద్దున్నే పాకుతున్నావ్? ఈ వయసులో మళ్లీ మొదటినుంచీ నేర్చుకుంటున్నావా?"

"నువ్వు ఎప్పుడో ఒకప్పుడు పడతావుగా. నేల మెత్తబడుతుందేమోనని నిమురుతున్నా."

"పడ్డా నీ నేల మీదే పడతాలే. గుండుసూది కూడా ఉండదు."

అతను నవ్వాడు. ఆమె తల ఎత్తలేదు.

ఆ మాట అతనొక్కడిదే కాదు, ఆ నాట్యశాలలో అందరిదీ. అక్కడ ఆడేవాళ్లు గజ్జెలు కట్టరు, చెప్పులు తొడగరు. ఒట్టి పాదాలతో దూకుతారు, జారుతారు, వెల్లకిలా పడి వీపుతో ఈదుతారు. అందుకే చెక్క వేదిక మీద రబ్బరు చాపలు పరిచి, అంచులు టేపుతో అతికించి, ఊడ్చి, తుడిచి, ఆ తర్వాత ఒక మనిషి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ముందు నుంచి వెనక్కి, అడుగులో అడుగు వేసుకుంటూ చెప్పుల్లేకుండా నడవాలి. కంటికి ఆనని పేడు, పిన్ను, మేకు ముక్క ఏదైనా ఉంటే ముందు ఆ మనిషి పాదానికే దొరకాలి. అలా నడిచి "దిగండమ్మా" అనాలి. ఆ మాట వినపడేదాకా ఆడా మగా ఎవరూ చాప మీద కాలు పెట్టరు. ఇరవైరెండేళ్లుగా ఆ మాట నేలమ్మదే. అంతకుముందు ఆమె భర్తది. ఆయన అక్కడ వడ్రంగి. పోయే ముందు ఏడాది ఆమెను వెంట తిప్పి నేర్పాడు. "వేళ్ల మీద నడవకు, మడమ మీద నడవకు, మొత్తం పాదం పరిచి నడువు" అని. ఆయన పోయిన పదకొండో రోజున ఆమె చాప మీద నిలబడింది. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంది గాని పిలిచేవాళ్లు లేరు.

మనుషులను ఆమె మొహాలతో గుర్తుపట్టదు, పాదాలతో గుర్తుపడుతుంది. చెమట ఆరని చాప మీద ముద్రలు చూసి ఇది ఎవరిదో, ఇవాళ ఏ కాలు నొప్పిగా ఉందో చెప్పేస్తుంది. ఎన్ని జతల పాదాలు వచ్చి వెళ్లాయో! ఒక్కొక్కరికి మోకాలు పోయింది, ఒక్కొక్కరికి పెళ్లయింది, ఒక్కొక్కరు ఏమీ చెప్పకుండా ఒక సోమవారం రావడం మానేశారు. అలాంటి సోమవారాల్లో ఆమె ఆ చోటు దగ్గర కాసేపు ఎక్కువ తుడిచేది.

ఆ పాదాలన్నీ గుర్తున్నాయి. ఆమె పాదాలే ఆమెను మరచిపోయాయి.

వాళ్ల సంవత్సరం ఎండాకాలంలో మొదలై ఎండాకాలంలో ముగుస్తుంది. ఎండల్లో ఖాళీ హాల్లో కొత్త ఆట కడతారు, వానల్లో మొదటి ప్రదర్శన ఇస్తారు, చలిలో బస్సు ఎక్కి ఊళ్లు తిరుగుతారు, మళ్లీ ఎండ ముదిరే వేళకు సొంత వేదిక మీద ఆఖరాట ఆడి విడిపోతారు. ఈసారి పదకొండుమంది ఆడేవాళ్లతో మొదలైంది. వానలు పట్టిన వారంలో ఒక సాయంత్రం నేలమ్మ ఇంట్లో కాళ్లు కడుక్కుంటుంటే చెల్లెలు కెవ్వుమంది. ఎడమ మడమలో డ్రాయింగు పిన్ను తలదాకా దిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియదు. ఆ రోజంతా దాని మీదే నడిచింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఆమె కళ్లకు అడ్డంగా తువ్వాలు పట్టి, సూదితో అరికాలు పొడుస్తూ "తెలుస్తోందా?" అని అడిగాడు. ఆమె తువ్వాలు మీదుగా అతని భుజం కదలిక కనిపెట్టి "తెలుస్తోంది" అంది. మళ్లీ "తెలుస్తోందా?" అన్నాడు. "తెలుస్తోంది" అంది. మూడోసారి అతను పొడవనే లేదు, ఊరికే భుజం కదిపి అడిగాడు. ఆమె "తెలుస్తోంది" అంది. అతను తువ్వాలు దించి ఆమె మొహంలోకి చూశాడు. చక్కెర జబ్బు నరాలను తినేసిందనీ, ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవొద్దనీ చీటీ మీద రాసి కింద రెండు గీతలు గీశాడు. ఆమె ఆ చీటీని మడిచి బియ్యం డబ్బాలో వేసింది.

అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపటి లోపు చలికాలం వచ్చింది. బస్సు ఎక్కి వెళ్లిన మూడో ఊళ్లో ఆమె నడిచి "దిగండమ్మా" అన్న చాప మీద, జులపాల అబ్బాయి మొదటి గంతులోనే కూలబడ్డాడు. కాలి బొటనవేలి కింద ఇనప పిన్ను. అయినా కుంటుతూ ఆట పూర్తిచేసి తెర చాటుకు వచ్చి, గోడకు ఆనుకుని ఆమెతో నవ్వుతూ అన్నాడు:

"నేనే బయటినుంచి అంటించుకొచ్చుంటాను పెద్దమ్మా. నువ్వు నడిచాక ఉంటుందా?"

కాలికి చీము పట్టింది. ఇంటికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. స్టేషన్లో బండి కదిలేముందు కూడా ఆమె అతనికి నిజం చెప్పలేకపోయింది. అరటిపళ్లు ఇచ్చి, జాగ్రత్త నాయనా అని పంపింది.

ఆ మర్నాటి నుంచే ఈ పాకడం. అందరికంటే గంట ముందు వచ్చి, తుడుస్తున్నట్టు నటిస్తూ చాప అంతా అరచేత్తో తడిమి, ఆ తర్వాత అందరి ముందూ లాంఛనంగా నడవడం. అరచెయ్యి అబద్ధం ఆడలేదు. ఆమె నోరొక్కటే ఆడుతోంది.

ఈ పొద్దున చెల్లెలు ఆమె పాదాలను ఒళ్లో పెట్టుకుని టార్చిలైటు వేసి చూస్తూ అడిగింది.

"ఇవాళేగా ఆఖరాట?"

"ఇవాళే."

"రేపు చెబుతావుగా?"

"చెబుతానంటిగా."

"నువ్వు చెబుతానన్నవన్నీ చెప్పుంటే ఈపాటికి నీకు గొంతు పోయుండేది."

ఒక్క పూట. ఈ ఒక్క పూట గడిస్తే చాలు. రేపు అక్కగారి దగ్గరికి వెళ్లి, నా కాళ్లు చచ్చిపోయాయండీ, ఆ అబ్బాయి కాలు నా వల్లే పోయిందండీ అని చెప్పేస్తుంది. తర్వాత ఏమైనా సరే.

పదకొండు గంటలకు అక్కగారు అందరినీ పిలిచింది. ఆట కట్టేది ఆవిడే. అరవై దాటింది, మోకాళ్లకు పట్టీలు కట్టుకుని కర్ర పట్టుకుని నిలబడుతుంది.

"సాయంత్రం హాలు ఎవరిదో మీటింగుకి ఇచ్చారట. ఆరింటికల్లా ఖాళీ చెయ్యాలి. ఇంటర్వెల్ పావుగంట కాదు, ఆరు నిమిషాలే. చాలా నేలమ్మా?"

పదిమందీ నేలమ్మ వైపు చూశారు. ఈ ఏటి ఆటలో మొదటి భాగం చివర అందరూ కలిసి ఒక కొయ్యపెట్టెను బద్దలుకొడతారు. పేళ్లు వేదికంతా చిందుతాయి. చాప తెలుపు, కొయ్య తెలుపు. రెండో భాగం మొత్తం వాళ్లలో పొడుగమ్మాయి ఒక్కతే ఆడాలి. ఇరవై నిమిషాలు, ఒట్టి పాదాల మీద. రోజూ ఆ పావుగంటలో నేలమ్మ రెండుసార్లు ఊడ్చి, తడిగుడ్డ నెపంతో చాపంతా తడిమి, అప్పుడు నడిచేది. ఆరు నిమిషాల్లో ఊడవడం అవుతుంది. నడవడం అవుతుంది. తడమడం కాదు.

"చాలండీ" అంది ఆమె నోరు.

మధ్యాహ్నం తలుపు తట్టి అక్కగారి గదిలోకి వెళ్లింది. ఆవిడ కాళ్లు కుర్చీ మీదికి చాపుకుని వేడి గుడ్డతో కాపడం పెట్టుకుంటోంది.

"అక్కగారూ, ఒక మాట."

"ముందు కూర్చో. నువ్వు నిలబడితే నా మోకాళ్లు నొప్పెడుతున్నాయి."

"ఆ ఇంటర్వెల్ సంగతి..."

"భయమేసిందా? నీకా?" అక్కగారు నవ్వింది. "ఆ పెట్టె బద్దలుకొట్టిద్దామంటే అందరూ వద్దన్నారు తెలుసా? పిల్లల కాళ్లు చిల్లులు పడతాయన్నారు. నేలమ్మ ఉందిగా అన్నాను. అంతే, మళ్లీ ఎవరూ నోరెత్తలేదు. నిన్ను చూసుకునే ఈ ఆట కట్టాను." గుడ్డ తిప్పి వేసుకుంది. "ఏదో మాటన్నావు?"

నేలమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదండీ. కుడివైపు చాప అంచు లేస్తోంది. కొత్త టేపు కావాలి."

"తీసుకో. అడగాలా?"

మూడింటికి ఆట మొదలైంది. పక్క తెర చాటున చీపురూ చేటా పట్టుకుని ఆమె నిలబడింది. పెట్టె మీద మొదటి దెబ్బ పడగానే కళ్లు మూసుకుంది. పేళ్లు ఎటు పడుతున్నాయో చెవులతో లెక్క పెట్టుకుంటోంది. ఎడమకు మూడు, ముందుకు ఒకటి, అదిగో ఆ చిన్నది దూరంగా వెళ్లింది, ఎక్కడ ఆగిందో వినపడలేదు.

తెర పడింది. ఆమె చీపురుతో పరుగెత్తింది. యాభైతొమ్మిదేళ్ల మనిషి, చీర పైకి దోపుకుని, వంగి, గోడ నుంచి గోడకు ఊడ్చింది. చేట నిండింది. మోకాళ్ల మీద కూలబడి తడమడం మొదలుపెట్టింది. ఎడమ సగం అయింది. మధ్య గీత దాటింది. ఇంకా రెండు బారలు తడమవలసి ఉండగా మొదటి గంట మోగింది. పదిమందీ వచ్చి తెరల దగ్గర వరుసగా నిలబడ్డారు. అక్కగారు కర్ర ఆనించుకుని చూస్తోంది. పొడుగమ్మాయి మడమలు పైకెత్తి దించుతూ ఒళ్లు వేడి చేసుకుంటోంది.

నేలమ్మ లేచింది. చీర దించింది. నడిచింది.

ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు, పాదం మొత్తం పరిచి, ఆయన నేర్పినట్టే. దూది మీద నడిచినట్టుంది. ఏడాదిగా అంతే. తగులు, తగులు, ఏదైనా ఉంటే నాకు తగులు అని పళ్ల బిగువున వేడుకుంటూ నడిచింది. ఏమీ తగల్లేదు. చివరి వరుస అయ్యాక వాళ్లవైపు తిరిగి, చిరునవ్వు తెచ్చుకుని, అంది.

"దిగండమ్మా."

ఎవరూ దిగలేదు.

వినపడలేదేమోననుకుంది. "దిగండమ్మా, టైమవుతోంది."

పొడుగమ్మాయి నేల వైపు చూస్తోంది. పక్కవాడూ నేల వైపే చూస్తున్నాడు. అక్కగారి కర్ర కొంచెం జారింది. నేలమ్మ వెనక్కి తిరిగింది.

తెల్ల చాప మీద, కుడి సగం మధ్య నుంచి మొదలై, ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ ఆ చివరకు, ఎర్రగా ఎడమ పాదం ముద్రలు. ఒకదాని వెనక ఒకటి, ఎంతో పొందికగా, అడుగుకు అడుగు సమంగా. మొదట వేళ్ల కింద చుక్క, తర్వాత మడమ దాకా, ఆఖరి వరుసకు వచ్చేసరికి పూర్తి పాదం. అవి వచ్చి వచ్చి ఆమె నిలబడ్డ చోట ఆగాయి.

ఆమె కాలెత్తి చూసుకుంది. అరికాలి గుంటలో వేలెడు పొడుగు పేడు అడ్డంగా దిగి ఉంది. దూరంగా వెళ్లిన ఆ చిన్నది. రోజూ దొరకవలసినట్టే పాదానికి దొరికింది. పాదమే ఆమెకు చెప్పలేదు.

"ఎప్పటినుంచి?" అక్కగారి గొంతు చాలా చిన్నగా ఉంది.

"వానల నుంచి."

వానల తర్వాత చలికాలం వస్తుంది. ఆ పదిమంది మొహాల్లో జులపాల అబ్బాయి ఒక్కొక్కరికీ గుర్తుకు రావడం ఆమె చూసింది. జీవితంలో మొదటిసారి ఆమె పాదాలను కాక మొహాలను చదివింది.

రెండో గంట మోగింది. పొడుగమ్మాయి ముందుగా కదిలింది. తడిగుడ్డ తీసుకుని, చాప అంచున మోకాళ్ల మీద కూర్చుని, మొదటి ముద్ర తుడిచింది. మిగిలినవాళ్లు కూడా దిగారు. పదిమందీ మోకాళ్ల మీద వంగి, అరచేతులు నేలకు ఆనించి, ఒకరి పక్కన ఒకరు ఆ గోడ వైపు పాకుతూ పోయారు. ఎవరూ ఆమె వైపు చూడలేదు. కోపంతో కాదు. చూడడానికి తీరిక లేదు.

లైట్లాయన ఆమెను భుజం పట్టి తెర చాటుకు నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు తెచ్చాడు. జేబులోంచి పట్టకారు తీసి పేడు పట్టుకుని లాగాడు.

"తెలుస్తోందా?"

"లేదు" అంది నేలమ్మ. "ఏమీ తెలియట్లేదయ్యా."

అతను ఈసారి పరిహాసం ఆడలేదు. కాలు తొట్టిలో పెట్టి, "కదలకు. ఆటవగానే ఆసుపత్రికి వెళదాం" అని దీపాల దగ్గరికి పరుగెత్తాడు.

వేదిక ఖాళీ అయింది. పొడుగమ్మాయి అంచున నిలబడి ఒక్క క్షణం ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది, ఒక మాట కోసం. మాట రాలేదు. తనంతట తనే దిగింది.

నేలమ్మ ఆ ఇరవై నిమిషాలూ చూసింది. ఏడాది పొడుగునా ఆట సాగుతుంటే ఆమె నేలనే చూసేది. ఇవాళ ఆ పిల్ల చేతులు చూసింది, మెడ చూసింది. తిరుగుతూ తిరుగుతూ ఆ పిల్ల ఏడుస్తోందని చూసింది. ఆ పాదాలు ఎక్కడా తడబడలేదు. ఎక్కడా ఆగలేదు. నేల శుభ్రంగా ఉంది. ఆమె నడవకుండానే, ఆమె చెప్పకుండానే శుభ్రంగా ఉంది.

తెర పడింది. చప్పట్లు మొదలయ్యాయి. తెర మళ్లీ లేచింది. పదిమందీ చేతులు పట్టుకుని వంగారు, అక్కగారిని మధ్యలోకి లాక్కొచ్చారు. పూలు విసిరారు. చాలాసేపు పట్టింది.

అంతా అయ్యాక పొడుగమ్మాయి చెమట కూడా తుడుచుకోకుండా తెర చాటుకు వచ్చింది.

"పెద్దమ్మా."

కుర్చీలో ఎవరూ లేరు. వెనక తలుపు తీసి ఉంది. ఎండ లోపలికి పడుతోంది. ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్లి వీధి రెండు వైపులా చూసింది. పిలిచింది. లోపల ఎవరో తనను పిలుస్తుంటే తిరిగి వచ్చింది.

కుర్చీ ముందు తొట్టి అలాగే ఉంది. సామాను సర్దేవాళ్లు వేదిక మీద అడుగు వేసినప్పుడల్లా లేత ఎరుపు నీళ్ల మీద సన్నని వలయం ఒకటి పుట్టి, అంచుకు తాకి, చెదిరిపోతోంది.