గొళ్లెము మ్రోఁగిన వేళ

ఆకసమున మేఘశకలమైనను గానరాక గుట్టబండలు కాలిన పెనమువలె వేఁడిసెగలు గ్రక్కుచు తుమ్మచెట్ల నీడలు సైతము మొదళ్లలోనికి ముడుచుకొనిపోయిన యొక జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున నగరమునకు దూరముగా నున్న విద్యాపీఠమునందు మానవులే భూకంపములను బుట్టించు విశాలమందిర మొకటి కిటికీలు మూసికొని నిశ్శబ్దముగా నుండెను. ఔరా! ఏ విపత్తు పేరు విన్నంతనే జనులు గుండెలు చేతఁ బట్టుకొని వీథులకుఁ బరుగెత్తుదురో యా విపత్తునే యిచ్చటివారు మీట నొక్కి పిలిచి తనివితీఱఁ జూచి మఱలఁ బంపివేయుదురు. చదువు మహిమ యట్టిది మఱి!

అచ్చట భూకంపములకుఁ జెదరని కట్టడములను గూర్చి స్నాతకోత్తరవిద్య నభ్యసించుచున్న శివలీల యను యువతి కంపనవేదికపై నల్లరేగడి సీమలోని రాతియింటి నమూనా నొకదానిని నిర్మించెను. సున్నము సిమెంటు లెఱుఁగని మట్టియడుసుతోఁ బేర్చిన రాతిగోడలును బరువైన మట్టికప్పును ఒకే గుమ్మమును గల యా చిన్నయింటి తలుపునకు వెలుపల నామె యినుపగొలుసు గొళ్లెము నొకదానిని దగిలించెను. “గొళ్లెమెందుకమ్మా? మన లెక్కల్లో దానికి పనేముంది?” అని యాచార్యులు నవ్వఁగా నామె గొలుసును మఱియొకమాఱు కదిపి చూచెను. అది యామె పుట్టినయిల్లు.

ఆమె చంటిబిడ్డగా నున్న కాలమున తండ్రియగు బసప్ప యొక తెల్లవాఱుజామున బిడ్డను భుజమున వేసికొని చెఱకుతోఁటకు నీరు పెట్టఁబోవుచు జ్వరముతో మూలిగి మూలిగి యప్పుడే కునుకుపట్టిన భార్య కాశమ్మకు మేఁకలవలన నిద్రాభంగము కలుగరాదని వెలుపల గొళ్లెము వేసిపోయెను. వీథిమలుపు చేరెనో లేదో భూమి కదలెను. వెనుకకుఁ బరుగెత్తి వాకిటికి వచ్చునప్పటికి గొళ్లెము గలగల మ్రోఁగుచుండెను. చేయి చాఁచునంతలో నిల్లు కుప్పగూలెను. భార్య తలుపు తట్టి తన్నుఁ బిలిచెననియు చేతులార నామెను బంధించి చంపితిననియు నతఁడు నమ్మెను. నాఁటనుండి యతఁడు తానున్న యింటి తలుపు మూసి యెఱుఁగఁడు. ఎచ్చట గొలుసు మ్రోఁగినను ఉలికిపడి లేచిపోయి తలుపు తెఱచి చూచును. ఊరివారు పిచ్చి బసప్ప యని నవ్విరి. తండ్రి చెవినుండి యా చప్పుడును దీసివేయుటకే శివలీల యీ చదువు చదివెను.

నాఁటి భూకంపమును ఆ యూరికి సమీపమునఁ గల భూకంపమాపకయంత్రము గ్రహించియుండెను. ఆ కదలికనే వేదికకుఁ దిరిగి యిచ్చుటకు నిశ్చయించి యామె తండ్రిని రప్పించెను. గొలుసు తనంతఁ దానే మ్రోఁగునని చూపవలెను. తల్లి పడుకొన్న మంచము వైపు గోడయే ముందుగాఁ గూలునని చూపవలెను. అట్లైనఁ దల్లికి లేచు వ్యవధియే లేదని తేలును గదా.

“బిడ్డా, లోపట ఎవ్వలు లేరు గద? మంచిగ సూసినవా?” అని వేదిక ముందు నిలిచి బసప్ప యడిగెను.

“ఎవ్వలు లేరు బాపూ. నేనే కట్టిన, నేనే సూసిన.”

ఆమె మీట నొక్కెను. నేల క్రిందనుండి గుఱ్ఱుమను నాదము పుట్టెను. గొళ్లెము గలగల మ్రోఁగెను.

“వస్తున్ననే కాశీ! తీస్తున్ననే!” అని బసప్ప వేదికమీఁదికి దూకఁబోఁగా శివలీల యతని రెండుచేతులను బిగియఁ బట్టుకొనెను. ముందు వీథివైపు గోడ విచ్చెను. పిమ్మట నడుమ కప్పు వంగెను. మంచము వైపు గోడ మాత్రము నిలిచెను, ఇంకను నిలిచెను, జ్వరపీడితయైనను లేచి తూలుచు గుమ్మము చేరఁగలుగునంత తడవు నిలిచి యన్నిటి వెనుక కూలెను. అది శివలీల చూచెను. బసప్ప గొళ్లెమును దప్ప మఱేమియుఁ జూడలేదు.

“ఎవ్వలు కొట్టకున్నా మోగింది బిడ్డా!”

“భూమి ఊగితే అట్లనే మోగుతది బాపూ.”

“అయితే మీ అమ్మ నన్ను పిలువలేదా? నిజం చెప్పు.”

గొలుసు తనంతఁ దానే మ్రోఁగఁగలదని మాత్రమే యా పరీక్ష చెప్పినది. నాఁడు దాని వెనుక నొక చేయి లేదని చెప్పలేదు. ఈ భేదము నెఱిఁగియు నామె తండ్రి కన్నులలోనికిఁ జూచి పలికెను.

“లేదు బాపూ. అమ్మ నిద్రలనే పోయింది.”

“ఇన్నేండ్లు ఉత్తగనే లేసి లేసి సూసిన్నా!” అని యతఁడు నవ్వెను. నవ్వుచునే వెక్కి వెక్కి యేడ్చెను.

భోజనానంతరమున నతిథిగృహమునఁ బడుకొనఁబోవుచు బసప్ప “ఎండ గొడుతుంది బిడ్డా” అని తానే లేచి తలుపు మూసి గొలుసు తగిలించి క్షణములో నిద్రపోయెను. శివలీల ప్రక్కనే కూర్చుండి విసరుచుండెను. ఇంతలోఁ గంకరలారీ యొకటి గుట్టయెక్కుచు గోడల నదరించుచుఁ బోయెను. గొలుసు గలగల మ్రోఁగెను.

తండ్రి కదలలేదు. చప్పుడు సద్దుమణఁగిన పిమ్మటఁ గూడ నామె చాలసేపు తలుపువైపే చూచుచుండెను. పిదప విసనకఱ్ఱ నేలఁబెట్టి లేచిపోయి తలుపు తెఱచెను.

వెలుపల నెండ తప్ప నెవ్వరును లేరు. ఆమె మఱల దానిని మూయలేదు.