బల్ల మీద మోచెయ్యి

సిలికాన్ బిళ్ల చిటికెనవేలి గోరంత ఉంది. దాని మీద కంటికి కనిపించని సూదులు నిలబడి ఉన్నాయి. వెంట్రుక మందంలో వందలు పడతాయి. ఆ సూదుల మీద అక్క గుండె కణాలు పరుచుకున్నాయి. అక్క చేతి నుంచి చిటికెడు చర్మం తీసి, చెల్లెలు ఈ ప్రయోగశాలలోనే దాన్ని గుండె కణాలుగా పెంచింది. కణం ముడుచుకుంటే సూదులు వంగుతాయి. సూదులు వంగితే వాటి మీద పడి తిరిగొచ్చే వెలుగు రంగు మారుతుంది. ఆ మార్పు తెర మీద గీతగా కదులుతుంది.

అక్క గుండె లయ తప్పుతోంది. డాక్టరు దగ్గర మిగిలింది ఒక్క మందు. అది కొందరిలో గుండెనే ఆపేస్తుంది. ఇవ్వాలో వద్దో ముందు ఈ కణాల మీద చూసి చెప్పమన్నాడు.

"మోచెయ్యి తియ్యమ్మా," అన్నాడు దీపాల తాత. లేజర్లూ కటకాలూ ఆయన చేతిలో ఉంటాయి. ఆ అంతస్తులో అందరికీ తాతే.

పోయిన వారం చెల్లెలు "కొట్టుకుంటోంది!" అని కేకేసి అందరినీ పోగేసింది. బల్లకి ఆనించిన మోచేతిలోంచి ఆమె నాడి కొట్టుకోవడమే కటకాన్ని కదిపి, గీతని ఆడించింది. తీరా చూస్తే బిళ్ల మీద కణాలు ఇంకా వెయ్యనే లేదు.

"నీ గుండెకి నువ్వే చప్పట్లు కొట్టించుకున్నావు."

"ఇంకెన్నాళ్లు దెప్పుతావు తాతా?"

"రిటైరయ్యేదాకా."

అక్క గోడవారగా స్టూలు మీద కూర్చుని నవ్వింది. చెల్లెలు చేతులు వెనక్కి కట్టుకుంది. తెర మీద గీత లేచింది, పడింది. రెండుసార్లు తొందరపడింది, ఓసారి ఆగింది. అక్క తన మణికట్టు పట్టుకుని చూసుకుంది.

"నాతో కలవట్లేదేంటే?"

"కలవదక్కా. నువ్విక్కడున్నావని దానికి తెలీదు. దాని పాటికి అది కొట్టుకుంటుంది."

"నా ఒంట్లోదేగా! నేనిక్కడుంటే అదక్కడ..." అంది అక్క.

చెల్లెలు మందు చుక్క వేసింది.

గీత పడింది. లేవలేదు. చెల్లెలి చెయ్యి బల్ల వైపు వెళ్లి వెనక్కి వచ్చేసింది.

గీత లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఈసారి తొందర లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఒకేలా ఉంది.

"ఇది నేనా, నువ్వా?" అంది అక్క.

చెల్లెలు రెండు చేతులూ పైకెత్తి చూపించింది. తాత తన కుర్చీని గోడదాకా జరుపుకున్నాడు. ముగ్గురూ బల్లకి దూరంగా ఉన్నారు. గీత సాగుతూనే ఉంది.

"డాక్టరుకి ఫోన్ చెయ్యి తల్లీ," అన్నాడు తాత, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.